కేలీ బ్యాండ్ నాయకుడి పని

ప్రశ్న: ఐర్లండ్‌లో జానపద నృత్యాలకు వాయించే కేలీ బ్యాండ్లలో అందరూ ఒకే వరస (బాణీ) వాయిస్తారు కదా! ఇక నాయకుడు చేసేదేముంది?

జవాబు: వరస ఒకటే కాబట్టే నాయకుడు కావాలి. 1935 చట్టంతో అక్కడ బహిరంగ నృత్యాలకు కోర్టు లైసెన్సు తప్పనిసరైంది. ఇళ్లలో నృత్యాలు తగ్గి జనం హాళ్లకు చేరారు. వంటింటికి ఒక్క ఫిడేలు సరిపోతుంది, హాలుకు చాలదు. అలా ఫిడేళ్లు, ఫ్లూట్లు, అకార్డియన్లు జతకూడాయి. లయకు పియానో, డ్రమ్స్ తోడయ్యాయి.

రీల్, జిగ్ అనేవి నృత్య వరసలు. ఏదైనా సాధారణంగా రెండు భాగాలు. ఒక్కోటి 8 బార్లు (తాళ ఆవర్తాలు), రెండేసి సార్లు. వెరసి 32 బార్లకు ఒక చుట్టు. రెండు మూడు వరసలను గుచ్చి, ఎక్కడ మారాలో నిర్ణయించేది నాయకుడే. చుట్టు ముగియకముందే కనుసైగ చేయాలి. ఆలస్యమైతే సగంమంది పాత వరసలోనే ఉండిపోతారు, వినడానికి ఘోరంగా ఉంటుంది.

అసలు చిక్కు వేగం. హుషారెక్కిన కొద్దీ ఫిడేళ్లు ముందుకు పరుగెడతాయి, నర్తకుల మడమ దరువు చెదిరిపోతుంది. అప్పుడు ఫిడేళ్లను అదిలించి లాభం లేదు; పియానో ఎడమచేతినీ డ్రమ్మునూ బిగించాలి. మొదట డ్రమ్మర్ చెక్కదిమ్మెపై వేసే రెండు దెబ్బలే వేగాన్ని ఖాయం చేస్తాయి.

క్లేర్ కౌంటీలో 1946లో పుట్టిన టల్లా కేలీ బ్యాండ్‌ను ఫిడేలు విద్వాంసుడు పి. జో హేస్ దశాబ్దాలపాటు నడిపారు.