అరమండి దిగని పాప

ప్రశ్న: మిర్యాలగూడలో మా ఇంటి పై అంతస్తులో పదిహేడు మంది పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. బతుకమ్మ పండుగ కార్యక్రమం దగ్గర పడిందన్న తొందరలో, అరమండి (పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ) సరిగా దిగని తొమ్మిదేళ్ల పాపను భుజాలు పట్టి కిందికి నొక్కి, అందరి ముందూ కోప్పడ్డాను. వారం నుండి ఆమె రావడం లేదు. మా గురువుగారు తాళం వేసే తట్టుకర్ర చేతపట్టుకునే మాకు నేర్పారు. కఠినంగా లేకపోతే నాట్యం వస్తుందా? – ఒక శిక్షకురాలు

జవాబు: ముందు ఆ పాప మోకాళ్ల సంగతి చూద్దాం. అరమండిలో కాళ్లు పక్కలకు తిరగవలసింది తుంటి కీలు దగ్గర, ఆ కీలు ఎంత తిరుగుతుందన్నది ఎముకల అమరికను బట్టి ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది. తుంటి తిరగని పిల్లను పైనుండి నొక్కితే, ఆమె మీ మాట నిలబెట్టాలని పాదాలను మాత్రమే బలవంతంగా పక్కకు తిప్పుతుంది. అప్పుడు మోకాళ్లు లోపలికి వాలి, అరికాలి వంపు నేలకు అణిగిపోయి, వేసే ప్రతి అడుగు భారమూ మోకాలి మీదే పడుతుంది. ఎదురుగా నేల మీద కూర్చుని చూడండి. మోకాలి చిప్ప కాలి రెండో వేలికి సూటిగా లేకపోతే పాదాల కోణం తగ్గించి, అది సూటిగా నిలిచినంత మేరకే దిగమనండి. తొడలకు, నడుముకు బలం వచ్చేకొద్దీ అరమండి కొంత లోతు అవుతుంది.

ఎదిగే వయసులో, ముఖ్యంగా 10 నుండి 15 ఏళ్ల మధ్య, మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పెడుతుందని పిల్లలు చెబితే అది సాకు అనుకోకండి; గెంతులు ఆపించి డాక్టరుకు చూపించమని చెప్పండి. బండల మీద, సిమెంటు నేల మీద నేర్పేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

క్రమశిక్షణ వద్దని నేను అనను. వేళకు రావడంలో, తాళం తప్పితే మళ్లీ మొదటి నుండి చేయించడంలో పట్టుగా ఉండండి. తట్టుకర్ర మాత్రం తాళం వేయడానికే ఉన్నది. పిల్లను ముట్టుకునే ముందు "పట్టుకుని సరిచేయనా అమ్మా?" అని అడగండి, తప్పును దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పండి.

ఇక ఆ పాప ఇంటికి మీరే వెళ్లండి. తల్లిదండ్రులతో మాట్లాడి వచ్చేయకుండా, అరమండి దిగకపోవడం తన తప్పు కాదని, నొక్కడం మీ పొరపాటని పాపతోనే చెప్పండి. తిరిగి వచ్చిన రోజున అరమండి అడగకుండా, ఆమెకు బాగా వచ్చిన హస్తాలతో, అంటే చేతి ముద్రలతో, పాఠం మొదలుపెట్టండి.