ఆ పాత నంబరు ఎవరికీ ఇవ్వకు

ఒరేయ్ చిన్నా,

ఉద్యోగం మానేసి ఫ్రెండ్స్‌తో సొంత కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముందు నాకొక మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? అయినా ఆ మాట విన్నాక వీధిలో నలుగురికి నేనే చెప్పుకున్నాననుకో.

బిల్లింగ్ గో భాషలో, రిపోర్టులు పైథాన్‌లో, ఆ రెండూ ఒకదాన్నొకటి పిలుచుకోడానికి మధ్యలో జీఆర్‌పీసీ అట కదా. మంచి పని. గూగుల్ ఇదే పనికి తన లోపల వాడుకున్న స్టబ్బీ అనుభవంతో కట్టి 2015లో సోర్స్‌తో సహా బయటపెట్టింది, 2017 నుంచి సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ చూసుకుంటోంది. ఉచితమని కాదు నాకు నచ్చేది. మా రోజుల్లో ఇలా ప్రోగ్రాముల్ని కలిపేందుకు డబ్బు పోసి కొన్న మిడిల్‌వేర్ అర్ధరాత్రి ఆగిపోతే, అమ్మినవాడి ఈమెయిల్ కోసం తెల్లారేదాకా కూర్చునేవాళ్లం. నీకు సోర్స్ కళ్లముందుంది. చదువు.

ఏ మెసేజ్‌లో ఏముంటుందో రాసుకునే ప్రోటో ఫైలు గిట్‌లో పెట్టు. బ్రౌజర్‌కి జీఆర్‌పీసీ-వెబ్ కావాలి. అవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఫీల్డు నంబర్ల గురించి, అదే, ఆ ఫైల్లో మెసేజ్‌లోని ఒక్కో గడికీ ఇచ్చే నంబర్ల గురించి. వైరు మీద పోయేది నంబరే, పేరు కాదు. నేను పనిచేసిన ఒకచోట ఆర్డర్ మెసేజ్‌లో 4వ ఫీల్డు డిస్కౌంటు. ఆ ఆఫర్ ఆపేశాక ఒక కుర్రాడు ఆ లైను చెరిపేసి, ఖాళీయే కదా అని 4ని పెట్టెల సంఖ్యకిచ్చాడు. రెండూ ఇంట్32లే, అంటే ఒకే రకం అంకెలు. కంపైలర్ నోరెత్తలేదు, టెస్టులూ పాసయ్యాయి. కానీ ఒక గోడౌన్‌లో పాత క్లయింటు ఇంకా నడుస్తోంది. అది 50 రూపాయల తగ్గింపని పంపితే, కొత్త సర్వరు 50 పెట్టెలని చదువుకుంది. లాగుల్లో ఎర్రరన్నదే లేదు. లారీ వచ్చి దుకాణం ముందు ఆగాకే తెలిసింది. వాడేం మొద్దు కాదురా, నీలాగే చురుకు. ఆ చురుకే నన్ను భయపెడుతోంది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడు కంచం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టలేదు.

ఫీల్డు తీసేసిన రోజే 'రిజర్వ్‌డ్ 4' అని రాయి, పాత పేరు కూడా రిజర్వ్ చెయ్యి. తర్వాత ఎవడు వాడబోయినా కంపైలరే ఆపుతుంది.

ఇంకోటి, ప్రతి కాల్‌కీ డెడ్‌లైన్ పెట్టు, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పు. పెట్టకపోతే అవతలి సర్వరు పలక్కపోయినా నీ క్లయింటు అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. రెండు సెకన్లో, ఐదో, నీ పనిని బట్టి కొలిచి పెట్టుకో.

మొదటి ప్రోటో ఫైలు రాయగానే నాకు పంపు, కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాను. వేళకి తిను. జీతాలకి డబ్బు తక్కువైతే మీ అమ్మని అడక్కు, నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య