ఇంట్లో చేసుకున్న ఎల్‌ఈడీ టార్చిలో దీపాలు ఎందుకు మాడిపోతున్నాయి?

మూడు పెన్సిల్ సెల్లులను వరుసగా పెట్టి, వాటికి మూడు తెల్ల ఎల్‌ఈడీలను నేరుగా కలిపితే మొదట ధగధగా వెలిగి, తర్వాత రెండు మాడిపోయాయని మీరు రాశారు. నా మొదటి టార్చికీ అచ్చం ఇదే జరిగింది. సెల్లులను, స్విచ్చిని, చివరికి నేను పెట్టిన టంకాన్ని కూడా అనుమానించాను గాని, తప్పు, కరెంటును అదుపు చేసే చిన్న భాగమైన రెసిస్టర్‌ను పెట్టకపోవడంలో ఉందని నాలుగో ఎల్‌ఈడీ పోయాక గాని తెలుసుకోలేదు.

పాత బల్బులోని ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటును అదుపులో ఉంచుతుంది. ఎల్‌ఈడీ తీరు ఇందుకు విరుద్ధం. తెల్లదానికి సుమారు 3.2 వోల్టులు చాలు. అది దాటాక వోల్టేజి కాస్త పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ వేడికి అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కొత్త సెల్లులు మూడు కలిస్తే 4.5 వోల్టులు గనుక, మిగిలిన 1.3 వోల్టులను రెసిస్టరే భరించాలి. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి తగిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్లు. 1.3ను 0.02తో భాగిస్తే రెసిస్టర్‌కు ఉండాల్సిన నిరోధం 65 ఓమ్‌లు వస్తుంది, దొరికే విలువల్లో దానికి దగ్గరిది 68.

మూడింటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే పోలేదా అని మీకు అనిపించవచ్చు. నేనూ 22 ఓమ్‌లది ఒక్కటి పెట్టి చూశాను. ఒకే పొట్లంలోని ఎల్‌ఈడీలు కూడా అచ్చుగుద్దినట్లు ఉండవు కాబట్టి ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కరెంటు లాగింది, ముందుగా అదే పోయింది, దాని వాటా మిగిలిన రెండింటి మీద పడింది. అందుకే ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా ఒక 68 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.

పొడవు కాలు పాజిటివ్ వైపు ఉండాలి. కాళ్లు కత్తిరించేసి ఉంటే, అంచు చదునుగా ఉన్న వైపు నెగటివ్. ఈ ఎల్‌ఈడీకి లెన్సు దాని ఒంట్లోనే ఉంటుంది గనుక పాత టార్చి రిఫ్లెక్టర్ వల్ల పెద్ద లాభం ఉండదు. దాన్ని అమర్చడానికి నేను ఒక సాయంత్రమంతా వృథా చేసుకున్నాను. మీ దగ్గర మిగిలిన ఆ ఒక్క ఎల్‌ఈడీ ఇంకా వెలుగుతున్నా కొత్త టార్చిలో వాడకండి. అంత కరెంటు తిన్న తర్వాత అది కొత్తవాటి పక్కన మసకగా కనిపించడమే కాక, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.