చెన్నైకి రాబోతున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి,

సాలిగ్రామం నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు పంపిన పాటలన్నీ శ్రద్ధగా విన్నాను. బాణీ కట్టడంలో నీకు లోటు లేదు. అయితే సినిమాల్లో, సీరియళ్లలో సంగీత దర్శకుడిగా స్థిరపడదలచినవాడు ముందుగా సాధించవలసింది రీరికార్డింగ్, అంటే సన్నివేశాలకు నేపథ్య సంగీతం కూర్చడం. పాట వల్ల పేరు వస్తుంది గాని, దర్శకుడు రెండోసారి కబురు పెట్టేది నేపథ్య సంగీతం కుదిరినప్పుడే.

దీనికి సాధన ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. మీ మిత్రులు తీసిన పొట్టి చిత్రం ఒకటి అడిగి తెచ్చుకొని, వాయిద్యం ముట్టుకోకముందే ఎక్కడెక్కడ సంగీతం అక్కర్లేదో కాగితం మీద రాసుకో. మాటలు నడుస్తున్నచోట వేణువో వయొలినో ఒంటరిగా పలికితే అది నటుడి గొంతుతో పోటీపడుతుంది. అక్కడ కింది స్థాయిలో నిలకడగా సాగే తంత్రీవాద్యాలు చాలు, లేదా ఏమీ లేకపోయినా ఫరవాలేదు. లెక్క కూడా రావాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి నిమిషానికి 72 బీట్ల వేగంలో ఒక్కొక్క బీట్‌కు సరిగ్గా 20 ఫ్రేములు వస్తాయి. మన టీవీకి 25 ఫ్రేములు. ఎడిటర్ ఏ రేటులో ఇచ్చాడో అడగకుండా పని మొదలుపెడితే పది నిమిషాల రీలులో 24 సెకన్ల తేడా వచ్చి చేసిందంతా వృథా అవుతుంది.

వచ్చీరాగానే సొంత సినిమా కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా, ఒక సంగీత దర్శకుడి దగ్గర కంప్యూటర్‌లో వాయిద్యాల ట్రాకులు సిద్ధం చేసే ప్రోగ్రామర్‌గానో సహాయకుడిగానో చేరడం మేలని నా అభిప్రాయం. ఇళయరాజా గారు 1976లో తొలి చిత్రం చేసేముందు జి.కె. వెంకటేశ్ గారికి సహాయకుడు. రెహమాన్ గారు 1992లో ‘రోజా’కు ముందు రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించారు, ప్రకటనలకు జింగిల్స్ చేశారు. సీరియల్ అవకాశం వస్తే చిన్నచూపు చూడకు. రోజూ ఎపిసోడ్ అందించే ఒత్తిడిలో నేర్చుకునే వేగం మరెక్కడా దొరకదు (జీతం సంగతి మాత్రం మీ అమ్మకు చెప్పకు).

ఇక ఒప్పందం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించిన తరువాత, సినిమాలోని సంగీతాన్ని థియేటర్ ప్రదర్శనకు కాకుండా టీవీ వంటి మరో మాధ్యమంలో వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తకు గల సమాన వాటాను నిర్మాతకు రాసి ఇచ్చినా చెల్లదు. వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో మాత్రమే బదలాయించవచ్చు. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. అయినా ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అని అచ్చువేసిన కాగితాలు ఇంకా వస్తూనే ఉంటాయి. సంతకానికి ముందు వకీలుకు చూపించు; ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. తొలి పని విడుదల కాగానే స్వరకర్తల, గీత రచయితల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యుడిగా చేరు. ఏ సన్నివేశంలో నీ సంగీతం ఎన్ని సెకన్లు వాడారో తెలిపే క్యూ షీట్‌ను, మాటలూ శబ్దాలూ సంగీతమూ కలిపే ఫైనల్ మిక్స్ ముగియగానే నువ్వే తయారుచేసి నిర్మాణ సంస్థకు ఒక ప్రతి అందజేయి, ఎందుకంటే తరువాత ఆ వివరాలు వెతికిపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

రైలు టికెట్టు కొనేలోగా, మాటలు ఎక్కువగా ఉన్న సన్నివేశం ఒకటి, మాటలే లేని సన్నివేశం ఒకటి సంగీతం చేసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య