టీమ్ ప్రెజెంటేషన్‌కు అందరికీ ఒకే మార్కులా?

ప్రశ్న: ఎంబీఏ మార్కెటింగ్ క్లాసులో గ్రూప్ ప్రెజెంటేషన్ ఇచ్చాం. పనంతా ఇద్దరమే చేశాం, మార్కులు మాత్రం ఐదుగురికీ ఒకటే పడ్డాయి. ఇది న్యాయమేనా?

కాదు. నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఏళ్ల తరబడి మార్కెటింగ్ చెప్తున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నాను. అందరికీ ఒకే మార్కు వేసేది న్యాయమని కాదు, మాకు పని తగ్గుతుందని. క్లాసులో అందరికీ విడివిడిగా వేయాలంటే రెండు రోజులు కూర్చోవాలి. టీముల లెక్కన వేస్తే టీ చల్లారేలోపు అయిపోతుంది.

పోయినేడాది సంగతి చెప్తాను. ఒక టీమ్‌కు ‘నల్లగొండ బత్తాయికి బ్రాండ్ పెట్టి అమ్మడం’ అనే టాపిక్ ఇచ్చాను. నేనెప్పుడూ ఇక్కడి టాపిక్కులే ఇస్తాను. స్వేచ్ఛ ఇస్తే ప్రతి టీమూ ఐఫోన్ లేదా స్టార్‌బక్స్ పట్టుకొస్తుంది. ఆ కాఫీ రుచి చూసినవాళ్లు క్లాసులో ఒక్కరుండరు. పల్లెల్లో మహిళా సంఘాల వాళ్లతో సబ్బులు, షాంపూలు అమ్మించే ‘ప్రాజెక్ట్ శక్తి’ని హిందుస్థాన్ లీవర్ 2000-01లో మొదలుపెట్టింది మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే. ఎక్కడెక్కడి బిజినెస్ స్కూళ్లలోనో దాన్ని కేస్ స్టడీగా చెప్తారు. మా పిల్లలను అడిగితే ముఖాలు చూసుకుంటారు.

సరే, ఐదుగురూ వచ్చారు. ముగ్గురు అబ్బాయిలకు కలిపి ఒకటే బ్లేజర్. ఒకడు మాట్లాడి పక్కకు రాగానే విప్పి రెండోవాడికి తొడుగుతున్నాడు. రెండోవాడికి చేతులు మణికట్టు దాకా కూడా రాలేదు. ఫార్మల్స్‌కు మార్కులుంటాయని ఏ సీనియరో చెప్పి ఉంటాడు. నేనైతే ఒక్కటి కూడా వేయను. టీమ్ లీడర్ అమ్మాయి ‘గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, మైసెల్ఫ్’ అని అందుకుంది. మొదటి స్లైడ్ నిండా నిగనిగలాడే పండు బొమ్మ. చూస్తే అది కమలాపండు! చుట్టూ బత్తాయి తోటలున్న జిల్లాలో కూర్చుని నెట్‌లోంచి కమలాపండు దించారు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

ఆ తర్వాత మామూలు పుస్తకం మాటలే. సెగ్మెంటేషన్, టార్గెటింగ్, స్వాట్. ‘నాలుగు పీలను (ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) కనిపెట్టింది ఫిలిప్ కోట్లర్’ అని ఒక స్లైడ్. బాబూ, వాటిని 1960లో పుస్తకంలో పెట్టింది జెరోమ్ మెకార్తీ, కోట్లర్ వాటిని ఊరూరా తెలిసేలా చేశాడంతే అని ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. ప్రతి బ్యాచ్ మళ్లీ అదే రాస్తుంది.

అసలు కథ మూడో అబ్బాయిది. వాడు ఏమీ చేయలేదని క్లాసంతటికీ తెలుసు. మీటింగులకు రాలేదు, ఒక్క స్లైడూ చేయలేదు. బ్లేజర్ వంతు కూడా వాడిదాకా రాలేదు. ల్యాప్‌టాప్ పక్కన నిలబడి బటన్ నొక్కడమే వాడి డ్యూటీ. అందులోనూ రెండు స్లైడ్లు దాటించేశాడు. ఇవాళ దొరికాడులే అని వాణ్నే అడిగాను: “ప్రైసింగ్ దగ్గర కాస్ట్ ప్లస్, అంటే ఖర్చు మీద లాభం కలిపి ధర పెట్టడం అని రాశారు కదా, బత్తాయి ధర ఎవరు పెడతారు?”

“మేమైతే పెట్టం మేడం,” అన్నాడు. “మా బాపుకు తోటుంది. కాయ కోసి లారీకెక్కించే టైముకు వ్యాపారికి ఢిల్లీ నుంచి ఫోనొస్తది. పొద్దున టన్నుకు ఒక రేటు చెప్తడు, పొద్దుగూకే వరకు తగ్గిస్తడు. కోయకుంటే కాయ రాలిపోతది, కోస్తే ఇంట్ల పెట్టుకోలేం. ఎంతంటే అంతకు ఇయ్యాల్సిందే. దాని మీద మళ్ల తరుగు తీస్తరు.”

“మరి బ్రాండ్ పెడితే?”

“సీజన్ కాని కత్తెర కాయకైతే నడుస్తది మేడం. అప్పుడు కాయ తక్కువుంటది, వ్యాపారే తోట కాడికొస్తడు. సీజన్ల మన పేరెవ్వడు అడుగుతడు?”

క్లాసులో చప్పుడు లేదు. ధర ఎవరి చేతిలో ఉంటుంది, నిల్వ ఉండని సరుకుతో ఎందుకు బేరమాడలేం, బ్రాండ్ ఎప్పుడు పనికొస్తుంది అన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. నలభై స్లైడ్లలో లేనిది అదే. వెనక కూర్చున్న తోటి లెక్చరర్ మాత్రం “ఇంగ్లిష్‌లో చెప్పలేదు కదా మేడం” అని పట్టుబట్టారు. ఢిల్లీ వ్యాపారి మాత్రం ఇంగ్లిష్‌లో బేరమాడతాడా సార్?

మధ్యాహ్నం టీమ్ లీడర్ స్టాఫ్ రూమ్‌కొచ్చింది. కళ్లలో నీళ్లు. “రాత్రంతా కూసోని స్లైడ్లు నేను చేసిన మేడం. వాడు ఒక్కరోజు రాలే. వాళ్లకు తోటుంటే నా తప్పా?”

న్యాయమైన మాటే. అందుకే నేను 20 మార్కులను మూడు ముక్కలు చేస్తాను. టీమ్ మొత్తానికి 8, ఒక్కొక్కరినీ విడిగా అడిగే ప్రశ్నలకు 6, మిగతా 6 టీమ్‌లోని వాళ్లే ఒకరికొకరు వేసుకోవాలి. ఈ చివరి ముక్కే తలనొప్పి. మార్కులు వేయమంటే హాస్టల్ స్నేహం అడ్డొచ్చి అందరూ అందరికీ ఆరుకు ఆరు వేసేస్తారు. అందుకని ప్రశ్న మార్చాను. “ఈ పనికంతా కలిపి 100 రూపాయల కూలి వచ్చింది, ఎవరికెంత ఇస్తారో చీటీ మీద రాసి మడిచి ఇవ్వండి” అన్నాను. డబ్బు అనేసరికి నిజాలు బయటపడ్డాయి. లీడర్‌కు అందరూ నలభైకి తగ్గకుండా రాశారు. బటన్ నొక్కినవాడికి ఐదు, పది. వాడు కూడా తనకు పదే రాసుకున్నాడు.

లెక్క తేలాక ఆ అమ్మాయికి 13, వాడికి 11. కమలాపండు టీమ్ మార్కులన్నీ తినేసింది మరి. తెలిసినదానికి మార్కులు వేశాను, చేయని పనికి కోశాను. ఇందులో నాకెలాంటి అనుమానమూ లేదు. ఆఫీసు నుంచి మాత్రం కబురొచ్చింది: “ఇంటర్నల్స్ కదా మేడం, అందరికీ పదిహేను తగ్గకుండా చూడండి.” క్లాసంతటికీ తలా నాలుగు కలిపి పంపాను గానీ, తేడా మాత్రం కదలనివ్వలేదు.

ఇంకో మాట, ఐదుగురి టీములే పెద్ద తప్పు. 1913లోనే రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు మనుషులతో తాడు లాగించిన లెక్కలు ప్రచురించాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. ముగ్గురుంటే చాలు. మా దగ్గర ప్రొజెక్టర్ ఒక్కటే, అది కూడా కేబుల్ పట్టుకుని నిలబడితేనే పనిచేస్తుంది కాబట్టి ఐదుగురు చొప్పున కానిస్తున్నాం. ఇక స్లైడ్లకు మార్కులంటారా, ఈ రోజుల్లో చాట్‌జీపీటీని అడిగితే రెండు నిమిషాల్లో వచ్చే వాటికి నేనెందుకు వేయాలి?

మీ విషయానికొస్తే, పడ్డ మార్కులు ఇక మారవు. వచ్చే సెమిస్టర్‌లో మాత్రం చివరి స్లైడ్‌లో గులాబీ పువ్వు, థాంక్యూ తీసేసి, ఏ పని ఎవరు చేశారో పేర్లతో పెట్టండి. ఇద్దరే చేస్తే ఇద్దరి పేర్లే పెట్టండి. మిగతా ముగ్గురూ వారం రోజులు మాట్లాడరు. ప్రశ్నలు పేరు పేరునా అడగమని మీ సార్‌కు ముందే చెప్పండి, అది కూడా క్లాసులో అందరూ వినేలా.