టెక్ సందేహాలు: మీ ఫోన్‌కి ఈత రాదండీ

ఈ వారం వచ్చిన మెయిల్స్ చూస్తుంటే సంక్రాంతికి బెజవాడ, గుంటూరు సగం థాయ్‌లాండ్‌లోని పుకెట్‌లోనే ఉండేట్టున్నాయి. పోనీలెండి, ఇన్నాళ్లూ పిల్లల్ని సూర్యలంక తీసుకెళ్లి, మరీ గోల చేస్తే వైజాగ్ తీసుకెళ్లి సరిపెట్టినవాళ్లం, ఈసారన్నా పాస్‌పోర్టులు బయటికి తీశాం. రాసినవాళ్లందరూ దాదాపు ఫస్ట్ టైమ్ వెళ్లేవాళ్లే, అందరి ఇళ్లల్లోనూ హైస్కూలు, ఇంటర్ పిల్లలే, అందుకని అన్నీ ఒక్కచోటే రాసేస్తున్నా. ఒక్క మాట ముందే చెప్తా. మీరడిగిన వాటిల్లో చాలావరకు "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అనుకోవడం వల్ల వచ్చే తంటాలే. బయల్దేరే ముందురోజు బీసెంట్ రోడ్‌లో కొని, కవర్ కూడా చింపకుండా పెట్టెలో పడేసిన వస్తువు అక్కడ మొదటిసారి తీస్తే అది పనిచెయ్యదు, పనిచేసినా మనకి వాడటం రాదు. ఏదైనా సరే ఇంట్లో ఒకసారి వాడి చూడండి. బాత్రూమ్‌లో బకెట్ ఉందిగా.

"మేం నలుగురం, ఇంటర్ ఫస్టియర్ పాప, తొమ్మిదో తరగతి బాబు. అక్కడ సిమ్ కొనాలా, మన సిమ్‌కే రోమింగ్ వేయించాలా? ఈసిమ్ అంటున్నారు, అదేంటో కూడా చెప్పండి." – లక్ష్మీపురం, గుంటూరు నుంచి ఒక మేడం

మేడం, నెట్ సంగతి వేరు, ఓటీపీ సంగతి వేరు. నెట్ కావాలంటే అక్కడి సిమ్మే చవక, ఓటీపీ రావాలంటే మన సిమ్ ఫోన్‌లో ఉండాల్సిందే. చాలామంది ఏం చేస్తారంటే ఎయిర్‌పోర్ట్‌లో దిగీ దిగగానే కౌంటర్ దగ్గర మన సిమ్ పీకేసి థాయ్ సిమ్ పెట్టించుకుంటారు, ఆ గోరంత ముక్క పర్సులో వేసుకుంటారు, రెండో రోజుకి అదెక్కడుందో తెలీదు, ఈలోగా యూపీఐ యాప్, బ్యాంక్ యాప్ రెండూ సిమ్ మారింది మళ్లీ వెరిఫై చెయ్యి అని మొండికేస్తాయి, ఎందుకంటే అవి నంబర్‌తో పాటు ఫోన్‌లో ఉన్న ఆ సిమ్‌కి కూడా ముడిపడి ఉంటాయి. కాబట్టి మన సిమ్ కదపొద్దు.

ఈసిమ్ అంటే చేతికి ఇచ్చే ముక్కేం ఉండదు, చిప్ ఆల్రెడీ ఫోన్ లోపలే ఉంటుంది, డబ్బు కడితే ఒక క్యూఆర్ కోడ్ పంపిస్తారు, స్కాన్ చేస్తే ఆ నెట్‌వర్క్ ఫోన్‌లోకి దిగుతుంది. మీ ఫోన్‌కి ఉందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి, ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని ఇంకో పొడుగాటి నంబర్ కనిపిస్తే ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ దగ్గర్నుంచి ఉంది. పది పదిహేను వేల ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఉండదు, వాటికైతే రెండో స్లాట్ ఖాళీ చేసుకుని అక్కడి మామూలు సిమ్ వేయించుకోండి, దానికి పాస్‌పోర్ట్ అడుగుతారు.

ఈసిమ్ ఇంట్లోనే వైఫై మీద ఇన్‌స్టాల్ చేసి ఆఫ్‌లో ఉంచండి, విమానం దిగాక ఆన్ చేసుకోవచ్చు. అక్కడ దిగాక స్కాన్ చేద్దామంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే స్కాన్ చెయ్యాలి, ఇదొక తిరగలి. దిగాక ఈసిమ్ లైన్‌కి డేటా రోమింగ్ ఆన్, మన లైన్‌కి డేటా రోమింగ్ ఆఫ్, ఇది రివర్స్ అయితే బిల్లు చూసి మీవారు మూర్ఛపోతారు. మన నంబర్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ యాక్టివేట్ అయి ఉందో లేదో మాత్రం ఆపరేటర్ యాప్‌లో ముందే చూసుకోండి, లేకపోతే ఎస్సెమ్మెస్ రాదు. ఇంకోటి, మన నంబర్‌కి వచ్చే కాల్స్ ఎత్తకండి. "క్రెడిట్ కార్డ్ తీసుకుంటారా సార్" అని వచ్చే కాల్ ఎత్తినా రోమింగ్ ఛార్జే. వాట్సాప్ మీ పాత నంబర్ మీదే నడుస్తుంది, నంబర్ మార్చమంటావా అని అడిగితే వద్దనండి.

నలుగురికీ నాలుగు కొనాలా అంటే అక్కర్లేదు, అలాగని ఒక్కటి చాలదు. హాట్‌స్పాట్ ఇచ్చి నడిపిద్దామంటే మీరు గొడుగు కింద పడుకుంటే పిల్లలు వంద అడుగుల అవతల ఉంటారు, అక్కడికి సిగ్నల్ అందదు, పైగా మధ్యాహ్నానికే మీ బ్యాటరీ ఖాళీ. మీ ఫోన్‌లో ఒకటి, పాప ఫోన్‌లో ఒకటి వేయించండి, తమ్ముడు అక్క హాట్‌స్పాట్ మీద బతుకుతాడు, ఆ వంకన ఇద్దరూ కలిసి తిరుగుతారు కూడా. టూరిస్ట్ ఈసిమ్‌లు చాలావరకు డేటా ఒక్కటే ఇస్తాయి, థాయ్ ఫోన్ నంబర్ రాదు, అందుకని క్యాబ్‌లకి వాడే గ్రాబ్ యాప్ మన నంబర్‌తో ఇక్కడే రిజిస్టర్ చేసి కార్డ్ కూడా యాడ్ చేసి వెళ్లండి. గూగుల్ మ్యాప్స్‌లో పుకెట్ ఏరియా ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్, ట్రాన్స్‌లేట్ యాప్‌లో థాయ్ భాష ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్, ఈ రెండూ పిల్లలకి అప్పజెప్పండి.

"అన్నా, నా ఫోన్‌కి ఐపీ68 వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఉంది. సముద్రంలో దిగి రీల్ తియ్యొచ్చుగా? మా నాన్న ఒప్పుకోవట్లా." – పటమట నుంచి ఒక ఇంటర్ కుర్రాడు

మీ నాన్నే కరెక్ట్ తమ్ముడూ. నీకు కోపం వస్తుందని తెలుసు కానీ నా కథ విను. మూడేళ్ల క్రితం ఇదే ఐపీ68 చూసుకుని సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లల్లో ఫోన్ పట్టుకుని వీడియోలు తీశా, ఒక అల వచ్చింది, చేతిలోంచి జారింది, వెంటనే పట్టేశా, పనిచేస్తుంది కదా అని తువ్వాలుతో తుడిచి జేబులో పెట్టుకుని బాపట్లలో టిఫిన్ కూడా చేశా. నాలుగో రోజుకి ఛార్జింగ్ పోర్ట్‌లో పచ్చగా తుప్పు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే నీళ్లు తగిలినట్టు ఇండికేటర్ చూపిస్తోంది, వారంటీ రాదు అన్నారు. ఐపీ68 అని వాళ్లే రాశారు కదండీ అంటే ఆ అబ్బాయి నవ్వాడు.

సంగతేంటంటే ఆ రేటింగ్ ఇవ్వడానికి టెస్ట్ చేసేది ల్యాబ్‌లో, కదలకుండా ఉండే మంచినీళ్లల్లో. ఐఫోన్ 12 నుంచి ఆరు మీటర్ల లోతులో 30 నిమిషాలు అని చెప్తారే, అదీ ఆ లెక్కే. అల వచ్చి కొట్టే దెబ్బ వేరు, ఉప్పునీళ్లు వేరు. ఉప్పునీళ్లల్లో కరెంట్ బాగా పారుతుంది, ఆరిపోయాక కూడా ఉప్పు పోర్ట్‌లోనే ఉండి లోహాన్ని తినేస్తుంది. పైగా నీళ్లు లోపలికి పోకుండా ఆపేది ఫోన్ అంచుల్లో ఉండే సన్నటి జిగురు, రబ్బరు. ఫోన్ నాలుగుసార్లు కింద పడితే అది వదులవుతుంది, బయట ఎక్కడన్నా డిస్‌ప్లే మార్పించి ఉంటే ఆ ఐపీ68 సంగతి ఇంక మర్చిపోవడమే.

మరి రీల్ ఎట్లా అంటావా, మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొను. ఇంట్లో ముందు ఫోన్ లేకుండా ఒక టిష్యూ పేపర్ పెట్టి, లాక్ వేసి, పైన బరువు పెట్టి రెండు గంటలు బకెట్‌లో ముంచు. టిష్యూ పొడిగా ఉంటే అప్పుడు ఫోన్ పెట్టు. నీళ్లల్లో టచ్ పనిచెయ్యదు, ఎందుకంటే స్క్రీన్‌కి నీ వేలూ నీళ్లూ ఒకటే, కాబట్టి వీడియో మోడ్ ముందే పెట్టుకుని వాల్యూమ్ బటన్‌తో రికార్డ్ చెయ్. పౌచ్‌లో కాస్త గాలి ఉంచితే పొరపాటున జారినా తేలుతుంది. పౌచ్‌తో సహా ఎండలో ఇసుక మీద పడేయకు, లోపల ఫోన్ ఉడికిపోతుంది. ఐఫోన్ వాడాల్సింది 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే అని కంపెనీయే చెప్తుంది, బెజవాడ వాళ్లకి ఆ నంబర్ చూస్తే నవ్వొస్తుందనుకో. ఏసీ రూమ్‌లోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, చొక్కాతో రుద్దకు, పది నిమిషాలాగితే అదే పోతుంది.

ఇంత చెప్పినా పడేస్తావు. పడితే వెంటనే ఆఫ్ చెయ్, వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఉన్న ఫోనే అయితే మామూలు కుళాయి నీళ్లతో మెల్లగా కడిగి ఉప్పు పోగొట్టు (అవును, తడిసిన ఫోన్‌నే కడగమంటున్నా), పోర్ట్ కిందికి ఉండేట్టు పట్టుకుని అరచేతికేసి మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలికి పెట్టు. కనీసం ఐదు గంటలు ఛార్జింగ్ పెట్టొద్దు, పూర్తిగా ఆరలేదనిపిస్తే ఇంకా ఆగు. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యం డబ్బా అసలే వద్దు, దాంట్లో పెట్టొద్దని ఆపిల్ వాళ్లే చెప్తున్నారు, నూకలు, పిండి వెళ్లి పోర్ట్‌లో ఇరుక్కోవడం తప్ప ఉపయోగం లేదు.

"పవర్ బ్యాంక్ విమానంలో ఒప్పుకుంటారా? ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తున్నారు." – బ్రాడీపేట

చేతి బ్యాగులో ఒప్పుకుంటారు, చెక్ఇన్ పెట్టెలో ఒప్పుకోరు. 100 వాట్ అవర్స్ లోపైతే పర్మిషన్ అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే లోపలి బ్యాటరీ వోల్టేజ్ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్స్, కాబట్టి ఓకే. దాని మీద ఆ అంకెలు చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీలో ఆపేస్తారు, అలాంటిది తీసుకెళ్లకండి. విమానంలో మాత్రం వాడనివ్వని ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. 2025 జనవరిలో కొరియాలో విమానం తగలబడ్డాక థాయ్ ఎయిర్‌వేస్ మార్చి 15 నుంచి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోవద్దన్నాయి. శంషాబాద్ దాకా కార్లో ఐదు గంటలు పడుతుంది కదా, ఫోన్లన్నీ అక్కడే నింపుకోండి.

"అక్కడ ఫోన్‌పేతో అయిపోదా? క్యాష్ ఎంత తీసుకెళ్లాలి?" – భవానీపురం నుంచి ఒక సార్

శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరి 12న యూపీఐ మొదలైంది, అక్కడికి వెళ్లేవాళ్లు యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ఆన్ చేసుకుంటే పని జరుగుతుంది. థాయ్‌లాండ్‌లో కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ కనిపిస్తుంది కానీ అది మన యూపీఐ లాంటి వాళ్ల ప్రాంప్ట్‌పే, మన యాప్‌ని నమ్ముకుని క్యాష్ లేకుండా వెళ్లకండి సార్. ఎంత అనేది మీ షాపింగ్‌ని బట్టి, నేనైతే తిండికీ బోట్లకీ క్యాష్, హోటల్‌కి కార్డ్ అనుకుంటా.

కార్డ్ మీద ఇంటర్నేషనల్ వాడకం మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, 2020లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రూల్, బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసి లిమిట్ తక్కువ పెట్టుకోండి. షాపులో కార్డ్ గీకాక మెషీన్ "రూపాయల్లో కడతారా, బాట్‌లలో కడతారా" అని అడుగుతుంది. మన రూపాయి కదా అని దాన్నే నొక్కుతాం, అక్కడే దొరుకుతాం, ఆ మార్పిడి రేటు వాళ్లిష్టం. బాట్‌లే నొక్కండి. ఏటీఎంలో ప్రతిసారీ రెండొందల బాట్‌ల పైనే ఫీజు పడుతుంది, మన బ్యాంక్ ఛార్జ్ వేరే, అందుకని రోజూ కొంచెం కొంచెం తియ్యకుండా ఒకేసారి తీసుకోండి. రెండు కార్డులుంటే ఒకటి మీ దగ్గర, రెండోది మేడం బ్యాగులో.

"పాప లొకేషన్ ఆన్ చెయ్యమంటే నా మీద నమ్మకం లేదా అని ఏడుస్తోంది. దానికి తెలీకుండా పెట్టే యాప్ ఏదన్నా ఉందా?" – గుణదల

ఉంటాయి, చెప్పను. ఏడాదంతా హాస్టల్లో ఫోన్ లేకుండా ఉండే పిల్ల, ఈ వారం రోజులే దానికి ఫోన్, అదీ దొంగచాటుగా చూస్తున్నారని తెలిస్తే మీ ట్రిప్ అక్కడితో సరి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఆప్షన్లుంటాయి. ఫ్యామిలీ గ్రూప్‌లో మీరూ పెట్టండి, మేడం కూడా పెట్టాలి, అప్పుడు అది నిఘా అనిపించదు. బీచ్‌కి బయల్దేరేటప్పుడు 8 గంటలది నొక్కడం, రూమ్‌కి రాగానే ఆపేయడం, అంతే.

అయినా ఫోన్ చచ్చిపోతే ఏ యాప్ ఉన్నా దండగే. హోటల్ పేరు థాయ్‌లో రాసి ఉన్న కార్డ్ రిసెప్షన్‌లో ఇస్తారు, అదొకటి పిల్లల జేబులో ఉండాలి. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, లాక్ స్క్రీన్ మీద వాల్‌పేపర్‌గా పెట్టేయండి. జెట్ స్కీ ఎక్కుతామంటే ఎక్కే ముందు దాని చుట్టూ వీడియో తీయమనండి, దిగాక "ఈ గీత నువ్వే పెట్టావు" అని డబ్బు గుంజడం అక్కడ పాత కథే, పాస్‌పోర్ట్ మాత్రం తాకట్టు ఇవ్వొద్దు. మీ వాడికి వేపింగ్ పిచ్చి ఉంటే (ఉన్నా మీకు చెప్పడనుకోండి) ఆ పెన్ను పెట్టెలో దూర్చకుండా చూడండి, థాయ్‌లాండ్‌లో అది చట్టవిరుద్ధం. ఎర్ర జెండా ఉన్నచోట నీళ్లల్లోకి దిగొద్దని కూడా చెప్పండి. సంక్రాంతికి పర్లేదు, వేసవి సెలవులకి వెళ్లేవాళ్లకైతే మే నుంచి అక్టోబర్ దాకా పుకెట్ వైపు వానాకాలం, అలలు ఊరికే లాగేస్తాయి.

"థాయ్‌లాండ్ వెళ్లేముందు ఏదో ఆన్‌లైన్ కార్డ్ నింపాలట, సైట్‌లో మనిషికి ఇంతని అడుగుతోంది, కట్టాలా?" – అరండల్‌పేట

కట్టకండి. అది 2025 మే 1 నుంచి పెట్టిన డిజిటల్ అరైవల్ కార్డ్, పూర్తిగా ఫ్రీ. వెతికితే పైన యాడ్స్‌లో వచ్చేవి మధ్యవర్తుల సైట్లు. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైట్ అడ్రస్ చివర డాట్ జీవో డాట్ టీహెచ్ అని ఉంటుంది, అదే తెరవండి. దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే నింపనిస్తుంది, పిల్లలకి కూడా విడివిడిగా ఉండాలి. క్యూఆర్ స్క్రీన్‌షాట్ తీసుకుని ఫ్యామిలీ గ్రూప్‌లో పడేయండి.

"మా అత్తగారు రైస్ కుక్కర్ తీసుకెళ్దామంటున్నారు, అక్కడి కరెంట్‌కి పనిచేస్తుందా?" – సత్యనారాయణపురం

కరెంట్ పనిచేస్తుందమ్మా, అక్కడా దాదాపు మన వోల్టేజే. ప్లగ్గే ఎక్కదు. అక్కడి సాకెట్‌లో మన రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ దూరుతుంది, కుక్కర్‌కి ఉండే లావు మూడు పిన్నులు దూరవు. వంద రూపాయల ట్రావెల్ అడాప్టర్ పెట్టి కుక్కర్ ఆన్ చేస్తే అడాప్టర్ కరుగుతుంది, అది ఫోన్లకే. మంచి అడాప్టర్ ఒక్కటి కొని దానికి మన ఎక్స్‌టెన్షన్ బోర్డ్ తగిలిస్తే నలుగురి ఛార్జర్లూ పెట్టుకోవచ్చు. రూమ్‌లో వండితే చాలా హోటళ్లు ఫైన్ వేస్తాయి, అన్నం బయటే దొరుకుతుంది. అత్తగారిని ఒప్పించాలంటే ఆవకాయ, గోంగూర గట్టిగా ప్యాక్ చేసి చెక్ఇన్ పెట్టెలో పెట్టించండి, వాటికి ప్లగ్ అక్కర్లేదు.