తమ్ముడు సంతకం అడుగుతున్నాడు

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర ఊరు. నాన్న సొంతంగా కొన్న భూమి 3 ఎకరాల 30 గుంటలు (40 గుంటలు ఒక ఎకరం) ఉంది, వీలునామా రాయకుండానే పోయారు. ఉన్నది అమ్మ, నేను, తమ్ముడు. రాఖీకి నేను వెళ్తే తప్ప పలకరించనివాడు, వెంచర్ వాళ్లొచ్చి ఎకరం కోటిన్నర అన్నప్పటినుంచి ఊరికూరికే ఫోన్ చేస్తున్నాడు, మొన్న చీర తెచ్చాడు, విరాసత్ (వారసత్వంగా భూమి పేరు మార్పిడి) నా ఒక్కడి పేరు మీద చేయించుకుంటా, సంతకం పెట్టక్కా అంటున్నాడు. రేటు సంగతి మాత్రం చెప్పలేదు, ఊళ్లోవాళ్ల ద్వారా తెలిసింది. మా ఆయన పెట్టొద్దంటున్నారు. పెట్టకపోతే పుట్టిల్లు దూరమైపోతుందని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు లెక్క తెలుసుకోండి. తండ్రి సొంతంగా కొన్న ఆస్తికి వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకి, కొడుకుకి, కూతురికి సమానంగా వస్తుంది. అంటే మీ ముగ్గురికీ తలా 50 గుంటలు. కట్నం ఇచ్చాం, పెళ్లి ఘనంగా చేశాం అంటే ఆ హక్కు పోదు. (పూర్వీకుల ఆస్తి అయితే లెక్క వేరు, అక్కడ కూతురికి కొడుకుతో సమాన హక్కు దేశమంతా వచ్చింది 2005 సవరణతో, తండ్రి అప్పటికే చనిపోయినా హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.)

ఇక తమ్ముడి సంగతి. చీర తెచ్చింది నటనే అని నేననను. రేటు లేనప్పుడు ఆ భూమి దున్నుకుంది అతను, అది నాదే అని మనసులో ఖాయం చేసుకుని ఉంటాడు, ఇప్పుడు ఇల్లు, పిల్లల ఇంజనీరింగ్ సీట్లు అన్నీ దాని మీదే ప్లాన్ చేసేసుకుని ఉంటాడు. మీ ఇంట్లో కూడా చూడండి, ఆ భూమి గురించి మీ ఆయన ఇదివరకు ఎప్పుడైనా మాట్లాడారా? డబ్బు వచ్చే దారి కనపడగానే అందరి ఆలోచనలూ అటే తిరుగుతాయి, అందులో తప్పేం లేదు. కానీ మీ వాటా కోటీ ఎనభై లక్షల పైమాట, ఆ సంగతి దాచిపెట్టి సంతకం అడగడం మాత్రం తప్పే, నాకు అదే బాధగా ఉంది.

అమ్మ ముందే కూర్చుని నేరుగా అడగండి: రేటు ఎంతన్నారు, బయానా ఎంత తీసుకున్నావు, ఎప్పటిలోగా రిజిస్ట్రేషన్ చేస్తానన్నావు అని. ఇంత తొందర పడుతున్నాడంటే బయానా తీసుకునే ఉంటాడని నా అనుమానం. అన్నీ తెలిశాక మీ వాటా మొత్తం తీసుకుంటారో, భూమిని, అమ్మని చూసుకున్నాడని అతనికి కొంత ఎక్కువ వదులుతారో, అసలు వద్దనుకుంటారో మీ ఇష్టం, మీ ఆయన ఇష్టం కూడా కాదు. తీసుకునేట్టయితే అది రాతలో ఉండాలి, డబ్బు రిజిస్ట్రేషన్ రోజే మీ అకౌంట్లో పడాలి. తర్వాత ఇస్తానన్న డబ్బు ఇంటి స్లాబుకో ఫీజులకో అయిపోతుంది, అక్కడే అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు ఆగిపోయేది. హక్కు వదులుకుంటూ రిజిస్టర్ చేసిన కాగితాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, అందుకే లాయర్‌కి చూపించకుండా దేని మీదా సంతకం పెట్టకండి.

ఇంకోటి, మీ ఉత్తరంలో అమ్మ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆవిడ 50 గుంటలు ఆవిడవే, అమ్మాలా ఉంచుకోవాలా అని ఇద్దరూ కలిసి ఆవిడనే అడగండి, అమ్మితే ఆ డబ్బు ఆవిడ పేరు మీదే డిపాజిట్ చెయ్యండి.